పలకల షెడ్డులో నలభై ఫ్యాన్లు

ఆ షెడ్డు తాళంచెవి నేనే అడిగి తీసుకున్నాను. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు. ఈ మాట మొదటే చెప్పేస్తే నాకు కొంచెం తేలిక. తర్వాత జరిగినదానికి గాలిని తిట్టుకున్నాను, పై అధికారులను తిట్టుకున్నాను, నా జాతకాన్ని కూడా తిట్టుకున్నాను. కానీ పదిమంది ఆడపిల్లలను తీసుకెళ్లి ఆ దుమ్ములో నిలబెట్టింది మాత్రం నేనే. ఈ రాతలో ఉన్నదంతా వాళ్ల ఊపిరి సంగతి.

నేను మార్కాపురంలో ఒక బాలికల పాఠశాలలో ఫిజిక్స్ చెబుతాను. పుట్టిందీ ఈ ఊళ్లోనే. మా నాయన పలకల ఫ్యాక్టరీలో రాయి కోసే మిషను దగ్గర పనిచేసి, యాభై నిండకుండానే దగ్గి దగ్గి పోయాడు. టీబీ అని మందులిచ్చారు. అది టీబీ కాదు, ఊపిరితిత్తుల్లో పేరుకున్న రాతిదుమ్ము అని తెలిసేసరికి ఆయన లేడు. ఇంత తెలిసినదానివి ఆ పని ఎలా చేశావని ఎవరైనా అడగొచ్చు. అడగాలి కూడా.

మా బడికి డ్రోన్ ఫుట్‌బాల్ కిట్లు వచ్చాయి. ఇది కాలితో తన్నే ఆట కాదు. బంతి అంటే చిన్న పుచ్చకాయంత గుండ్రటి ప్లాస్టిక్ పంజరం. దాని నడుమ డ్రోన్ ఉంటుంది. నాలుగు మూలలా నాలుగు మోటార్లు, ఒక్కోదాని మీద అరచేతిలో పట్టే ఫ్యాన్, మధ్యలో సర్క్యూట్ బోర్డు, దాని కింద బ్యాటరీ. జట్టుకు ఐదుగురు, ఒక్కొక్కరికీ ఒక బంతి, చేతిలో రిమోటు. చుట్టూ వల కట్టి, రెండు చివర్లా మనిషి ఎత్తుకు పైన ఒక్కో రింగు వేలాడదీస్తారు. ఐదు బంతుల్లో ఒకటే స్ట్రైకర్. అది అవతలివాళ్ల రింగులోంచి దూరితే గోలు. మిగతా నాలుగూ అడ్డం పడటానికి, ఢీకొట్టడానికి. ఈ ఆటలో సగం ఢీకొట్టుకోవడమే, అందుకే పంజరం.

ఎగరడం చూడ్డానికి సులువుగా ఉంటుంది గానీ లోపల పెద్ద సంసారమే. ఎదురెదురు మూలల్లో ఉన్న రెండు ఫ్యాన్లు ఒక వైపు తిరిగితే మిగతా రెండూ రెండో వైపు తిరగాలి. నాలుగూ ఒకే వైపు తిరిగాయంటే బంతే గిర్రున తిరుగుతుంది. ముందుకు పోవాలంటే వెనక ఫ్యాన్లు వేగం పెంచి, బంతి ముందుకు ఒరగాలి. బోర్డు మీద కందిపప్పు బద్దంత చిప్పు ఒకటి ఉంటుంది. బంతి ఎటు ఒరిగిందో అది సెకనుకు వేలసార్లు చూసుకుంటూ, ఏ ఫ్యాన్ ఎంత తిరగాలో చెబుతూ ఉంటుంది. ఎటు పోవాలో చెప్పేది పిల్ల బొటనవేళ్లు, పడకుండా నిలబెట్టేది ఆ చిప్పు.

పదిమంది పిల్లలను ఎంచుకున్నాను. ఐదుగురు జట్టు, ఎదురు ఆడటానికి ఇంకో ఐదుగురు. స్ట్రైకర్‌గా పెద్దారవీడు పిల్ల కుదిరింది. హాస్టల్లో ఉండి తొమ్మిది చదువుతోంది. రిజిస్టరులో తండ్రి లేడు, తల్లి కూలి అని ఉంది. ఏ కూలి అని నేను అడగలేదు. క్లాసులో పిలిచినా పలకని పిల్ల, రిమోటు చేతికిస్తే మాత్రం మిగతా తొమ్మిది బంతుల మధ్యలోంచి సూదిలో దారం ఎక్కించినట్టు రింగులోకి దూర్చేది.

నెల తిరక్కుండా పంజరాలు విరిగిపోయాయి. కొత్తవి ఎప్పుడొస్తాయో చెప్పే నాథుడు లేడు. అప్పుడు నాకొక తెలివి పుట్టింది. నాకు తెలివి పుట్టినప్పుడల్లా ఎవరో ఒకరు నా నోరు మూస్తే బాగుంటుంది, ఎవరూ మూయరు. యర్రగొండపాలెం అడవి అంచు నుంచి వెదురు బుట్టలు తెచ్చి అమ్ముకునే ఒకావిడను బడికి పిలిచి, విరిగిన పంజరం చూపించి, ఇలాంటిది అల్లమన్నాను.

"ఏంది మేడమ్మా, కోడిపిల్లలకా?" అంది.

"కాదక్కా, ఎగిరేదానికి."

నన్ను ఎగాదిగా చూసి, బద్దలు చీల్చి, గంటలో అల్లేసింది. చక్కగా ఉంది, వానపాము దూరేంత సందు లేదు. డ్రోన్ లోపల కట్టి ఫ్యాన్లు పూర్తిగా తిప్పాం. బంతి బల్ల మీద ఉడుకుతున్న కుండ మూతలా గజగజలాడిందే గానీ వెంట్రుకవాసి లేవలేదు. బుట్ట అల్లే చెయ్యి అడుగు నుంచి మొదలుపెడుతుంది, అడుగు గట్టిగా లేకపోతే అది బుట్టే కాదు. ఫ్యాన్లు కిందికి తోసిన గాలి ఆ అడుగులోనే ఆగిపోతోంది. ఆవిడ బంతి కింద అరచెయ్యి పెట్టి చూసి పకపకా నవ్వింది.

"గాలి బయటికి పోవాల్నా? ముందే చెప్పొద్దా! గాలికి బుట్టెందుకమ్మా?"

మళ్లీ అల్లింది, ఈసారి పెద్ద పెద్ద కన్నాలతో. ఎగిరాయి. ప్లాస్టిక్ కంటే కొంచెం బరువు, కానీ గోడకు కొట్టుకున్నా విరగవు, వంగి లేస్తాయి. ఆ రోజు క్లాసులో బోర్డు మీద కిందికి పెద్ద బాణం గీసి చెప్పాను. బంతి తన బరువుకు సరిపడా గాలిని కిందికి తోస్తేనే పైన నిలబడుతుందని.

"కిందికి పోయిన గాలి మళ్ల యాడికి పోతాది టీచర్?" అని పెద్దారవీడు పిల్ల అడిగింది. ఏడాదిలో తను అడిగిన మొదటి ప్రశ్న అది.

నేల తగిలి పక్కలకు పోతుంది, గోడ తగిలి మళ్లీ పైకి లేస్తుందని చెప్పాను. మంచి ప్రశ్న అని మెచ్చుకున్నాను కూడా. తర్వాత గంట కొట్టారు.

అంతలో ఆషాఢం గాలులు మొదలయ్యాయి. బయట ఆడే ఆట కాదిది. లోపల బరువు లేదు, చుట్టూ పంజరం పెద్దది, గాలికి బంతి గాలిపటం కింద లెక్క. ఒకటి ప్రహరీ దాటి ఆటో పైన పడింది. ఇంకొకటి ఎక్కడ పడిందో ఇప్పటికీ తెలియదు, దాని బదులు కిట్లలో అదనంగా వచ్చినది తీశాం. గిద్దలూరులో పోటీ రెండు నెలల్లోకి వచ్చింది. బడిలో ఉన్న గదులేమో అటక ఎత్తు. ఎత్తు కప్పు, నాలుగు గోడలు, లోపల స్తంభాలు లేని చోటు కావాలి. ఊళ్లో అలాంటిది ఒకటే గుర్తొచ్చింది, మా నాయన పనిచేసిన షెడ్డు. మూసేసి పదేళ్లు దాటింది.

దాని యజమాని ఇప్పుడు బజారులో ప్లాస్టిక్ సామాన్ల దుకాణం నడుపుకుంటున్న ముసలాయన. వాళ్ల తండ్రి దగ్గరే మా నాయన పనిచేశాడు. చిన్నప్పటి నుంచి ఆయన్ను చాచా అని పిలుస్తాను. అడగ్గానే, "ఆడపిల్లలు ఆడుకుంటామంటే కాదంటానా బేటీ," అని తాళంచెవి తీసుకుని వెంట వచ్చాడు. తలుపు తీశాడు గానీ లోపలికి రాలేదు. గడప బయటే నిలబడి, రుమాలు ముక్కుకు పెట్టుకున్నాడు.

"ఒక మాట విను. మా అబ్బా ఉండంగా ఈ షెడ్డులో ఫ్యాన్ పెట్టనీలేదు. ఎండాకాలంలో మీ నాయనోళ్లు ఎన్నిసార్లు అడిగినారో. ఫ్యాన్ వేస్తే దుమ్ము లేస్తాదని పెట్టలే."

"ఇప్పుడేం దుమ్ము చాచా? మిషన్లు పోయి పదేళ్లయింది."

"పదేళ్లు కూసున్నది గదా బేటీ, లేసేదానికి ఓపిక శానా ఉంటాది," అన్నాడు.

నేను నవ్వాను. ముసలాయన చాదస్తం అనుకున్నాను. పది బంతులకు నాలుగేసి చొప్పున మేం తేబోయేది నలభై ఫ్యాన్లని లెక్క కట్టడానికి ఫిజిక్స్ టీచరే అక్కర్లేదు, ఎక్కాలు వచ్చిన ఎవరైనా చాలు. నేనా లెక్క కట్టలేదు.

రెండు రోజులు నేనే నీళ్లు చల్లి ఊడ్చాను. పిల్లలను ఊడవనివ్వలేదు, అంతటి బాధ్యత గల దాన్ని. కింద అద్దంలా చేశాను. పైన ఇనుప దూలాల మీద, రేకుల అంచుల్లో వేలెడు మందాన ఉన్నది నాకు అందలేదు. అందనిదాన్ని చూడటం మానేశాను. వల కట్టి రింగులు వేలాడదీశాం.

మొదటి రోజు పది బంతులూ ఒకేసారి లేచాయి. ఐదు ఎర్ర లైట్లు, ఐదు నీలం లైట్లు. తేనెతుట్టె కదిపినట్టు షెడ్డంతా రొద. కాసేపటికి లైట్ల చుట్టూ గుండ్రంగా వెలుగు వలయాలు కట్టాయి. పైన రేకు పగిలిన చోటు నుంచి పడుతున్న ఎండ, దూలంలా గట్టిపడి కనిపించింది. దూలాల మీద నుంచి ఏదో సన్నగా, జల్లెడ పట్టినట్టు రాలుతూనే ఉంది. కింద పడింది కింద ఉండటం లేదు, మళ్లీ లేస్తోంది.

"పొగమంచు మాదిరి ఎంత బాగుంది టీచర్!" అని ఒక పిల్ల చప్పట్లు కొట్టింది.

నాకూ బాగానే కనిపించింది. ఫోన్ తీసి ఫొటో తీశాను. ఆ ఫొటో ఇంకా నా దగ్గరే ఉంది, చూసినప్పుడల్లా దాన్ని తీసిన మనిషి చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

మర్నాటి నుంచి చున్నీలు ముక్కుకు కట్టుకోమన్నాను. నాలుగు రోజులు కట్టుకున్నారు. ఉక్కపోత, కళ్లద్దాలకు ఆవిరి, మాట వినపడదు. ఐదో రోజు మెడలోకి జారాయి. నేనూ జార్చాను. రోజూ బడి వదలగానే గంటన్నర, ఆదివారాలు పూటంతా. తలుపులు తెరిస్తే గాలికి బంతులు కొట్టుకుపోతున్నాయని తలుపులు కూడా మూయించాను.

ముందు జబ్బు పడింది మోటార్లు. మూడో వారంలో బంతులు గాల్లో వణకడం మొదలైంది. మోటారు తిప్పి చెవి దగ్గర పెట్టుకుంటే గరగరమంటోంది. విప్పి చూస్తే బేరింగుల్లో నూనెతో కలిసి బూడిదరంగు ముద్ద. మోటారు వణికితే చిప్పు బంతే ఒరిగిందనుకుంటుంది, లేని ఒరుగుడు సరిచేయబోయి నిజంగా ఒరిగిపోతుంది. ఈ జబ్బు నేను రెండు నిమిషాల్లో కనిపెట్టాను. రోజూ ఆట అయ్యాక నలభై మోటార్లూ బ్రష్షుతో దులిపి, నోటితో ఊది, చుక్క నూనె వేసేదాన్ని. పెద్దారవీడు పిల్ల నా పక్కన కూర్చుని తన బంతి తనే ఊదుకునేది.

ఆ పిల్ల గొంతు కూడా అప్పుడే గరగరలాడటం మొదలైంది. మాట మధ్యలో ఆగి ఖళ్లుమనేది. మోటారు గరగర వినగానే విప్పి చూసినదాన్ని, పిల్ల గరగర వింటే ఏం చేశానో చెప్పనా? బెల్లం పెట్టాను. పలకల ఫ్యాక్టరీలో అదొక ఆచారం. పని దిగేటప్పుడు ఒక్కొక్కరికీ నిమ్మకాయంత బెల్లం ముద్ద ఇచ్చేవాళ్లు, దుమ్మును గొంతులోంచి దించేస్తుందని. మా నాయన తన ముద్దలో సగం కొరికి సగం నాకు తెచ్చేవాడు. ఊరంతా నమ్మేది, మా ఇంట్లో దేవుడి కంటే ఎక్కువ నమ్మేవాళ్లం. తిన్నది పోయేది కడుపులోకి, పీల్చింది పోయేది ఊపిరితిత్తుల్లోకి, రెండింటికీ దారులు వేరని బోర్డు మీద బొమ్మ గీసి చెప్పగలను. అయినా రోజూ సంచిలో అచ్చు బెల్లం తీసుకుపోయి, పదిమందికీ పంచి, నేనూ ఒక ముక్క నోట్లో వేసుకుని, మనసు కుదుటపడి తాళం వేసేదాన్ని. చదువుకుని బాగుపడ్డాననుకున్నాను, ఆ మొద్దు నమ్మకం మాత్రం ఎక్కడికీ పోలేదు.

గిద్దలూరులో పోటీ ఒక కళ్యాణ మండపంలో పెట్టారు. టైల్స్ నేల, శుభ్రమైన గాలి. పది బంతులు లేచినా లైట్ల చుట్టూ వలయాలు కట్టలేదు. రింగులు, వల అవతల గోడ మీద రాతలు, అన్నీ స్పష్టంగా కనిపించాయి. రెండు నెలలుగా మేం ఏ గాలిలో ఉన్నామో నాకు అక్కడ, ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు అర్థమైంది. బంతుల రొదలో కూడా పెద్దారవీడు పిల్ల ఊపిరి నాకు వినిపిస్తోంది. ఆఖరి ఆటలో తన బంతి రింగు ముందుకు వచ్చాక దగ్గు తెర వచ్చింది. బొటనవేళ్లు మాత్రం చెదరనివ్వలేదు, భుజాలు అదురుతుంటే పళ్లు బిగించి బంతిని దూర్చేసింది. గెలిచాం. అందరూ గంతులేస్తుంటే తను రిమోటు కింద పెట్టి, మోకాళ్ల మీద చేతులు ఆనించి దగ్గుతూనే ఉంది.

అది శనివారం. మిగతా పిల్లలను మార్కాపురంలో దించేసి, ఆ పిల్లను ఇంటికి దిగబెట్టడానికి పెద్దారవీడు బస్సెక్కాను. గెలిచిన కప్పు ఒడిలో పెట్టుకుని, బంతి సంచిలో పెట్టుకుని, దారంతా కిటికీ వైపు తిరిగి కూర్చుంది. వాళ్లమ్మతో చెప్పి సోమవారం ఆసుపత్రికి తీసుకెళ్దామని నేను మాటలు కూడబలుక్కుంటున్నాను.

ఇంకా పొద్దు ఉంది. వాళ్లమ్మ అప్పుడే పని నుంచి వచ్చి వాకిట్లో కాళ్లు కడుక్కుంటోంది. మోచేతుల దాకా, కనుబొమల్లో, చెవుల వెనక అంతా బూడిదరంగు. ఆ రంగు చూసే పెరిగాను నేను. కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

"రా టీచరమ్మా, రా. గెలిచినారంట గదా!" అని కప్పు అందుకుని, కొంగుతో తుడిచి, గూట్లో పెట్టింది. నాకు చాప వేసి నీళ్లిచ్చింది. "యాడమ్మే నీ ఎగిరే బుట్ట? నాకూ చూపియ్యి," అంది కూతురితో.

పిల్ల సంచి తీయలేదు. ఆమే తీసింది. వెదురు పంజరాన్ని అటూ ఇటూ తిప్పి ముచ్చటపడింది. బద్దల సందుల్లో వేలు పెట్టింది. ఆ వేలిని బొటనవేలితో రుద్ది చూసుకుంది. ముఖంలో నవ్వు ఆరిపోయింది.

"ఇది మట్టి గాదు, పలక దుమ్ము. యాడ ఎగరేసినారు దీన్ని?"

పిల్ల నా వైపు చూసింది. నేను షెడ్డు పేరు చెప్పాను.

"మూసిపెట్టిన షెడ్డులోనా? ఎన్నాళ్లు?"

"రెండు నెలలు."

"దినామా?"

"రోజూ," అన్నాను.

"హాలు అంటివి గదే నాతో," అంది కూతురితో.

"షెడ్డంటే నువ్వు పంపియ్యవని…" పిల్ల మాట పూర్తిచేయలేదు, దగ్గు వచ్చింది.

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. చాప అంచున కూర్చుని, నెమ్మదిగా అంది. "నేను ఇరవై ఏండ్లుగా ఆ దుమ్ములోనే బతుకుతాండ. దీనికి ఆ దుమ్ము తగలకూడదనే గదా టీచరమ్మా, నేను మీ బడికి పంపిచ్చింది."

తల కొట్టేసినట్టయింది నాకు. తప్పయిందని, నాకు తెలిసి కూడా చేశానని, మా నాయన కూడా దానితోనే పోయాడని చెప్పాను. ఆ ఆఖరి మాట ఎందుకు చెప్పానో తెలియదు. జాలి పడుతుందనుకున్నానేమో. సోమవారం ఎక్స్‌రే తీయిద్దామన్నాను.

"తీపిచ్చు. అంతకుముందు నన్ను చూడనీ," అంది. పిల్లను వెనక్కి తిప్పి, జడ పక్కకు తోసి, వీపుకు చెవి ఆనించింది. "మా పనికాడికి డాక్టర్లు రారు. మేమే ఒకరికొకరం ఇట్ల ఇని చూసుకుంటాం. ఊపిరి తీస్కో." భుజం కింద ఒకసారి, నడుం పైన ఒకసారి, రెండో పక్క మళ్లీ రెండుసార్లు విన్నది. నేను చాప మీద గోళ్లతో పుల్లలు పీకుతూ కూర్చున్నాను.

"పైపైనే ఉండాది. కిందికి దిగలే," అంది చివరికి. "ఇంగ ఆ షెడ్డు మొహం చూసినావంటే కాళ్లు ఇరగ్గొడతా."

పిల్ల ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. అప్పటిదాకా బిగబట్టి ఉన్నదంతా ఒక్కసారిగా వదిలేసరికి, నాకు దగ్గు వచ్చింది. చాలాసేపు ఆగలేదు.

"నువ్వూ తిరుగు టీచరమ్మా," అంది ఆమె.

"నాకేం లేదమ్మా, ఇది చాక్‌పీసు దగ్గు. ఎప్పుడూ ఉండేదే."

"తిరుగు."

తిరిగాను. జాకెట్టు మీదుగానే ఆమె చెవి వెచ్చగా తగిలింది. ఊపిరి తీసుకోమంది. తీసుకున్నాను. "ఇంగోసారి," అంది. తీసుకున్నాను. కొంచెం కిందికి జరిగి, "ఇంగోసారి, మెల్లగా," అంది. పిల్లది విన్నంతసేపు పట్టదనుకున్నాను. రెండో పక్కకు జరిగి, మళ్లీ మొదటి పక్కకు వచ్చింది. చెవి తీయలేదు.

తర్వాత కూతురిని పిలిచి, "నువ్వు కొంచేపు బయటికి పోమ్మా," అంది.